యాభై బొమ్మల పరీక్ష

గోపన్‌పల్లి, హైదరాబాద్
6 అక్టోబరు 2025, సోమవారం

కొండాపూర్ స్పీచ్ క్లినిక్ సూపర్‌వైజర్ శ్రీమతి కిరణ్మయి గారికి,

వీరలక్ష్మి నమస్కారాలు. మీరూ మీ ఇంటిల్లిపాదీ దసరా పండగ సంతోషంగా జరుపుకున్నారని తలుస్తాను. మేమిక్కడ క్షేమం అని రాయడం మర్యాద. కానీ పోయిన మంగళవారం నుంచి నాకు అన్నం సయించడం లేదు కాబట్టి ఆ మాట రాయలేను.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని మీరు అనుకోవచ్చు. మా అబ్బాయి ఉదయ్ భాస్కర్ కూడా అదే అన్నాడు, వాయిస్ మెసేజ్ పెట్టెయ్యమ్మా, రెండు నిమిషాల పని అని. నేను నోరు తెరిస్తే కోపం ముందొస్తుంది, విషయం తర్వాత వస్తుంది. కాగితం మీదైతే కొట్టేసి మళ్లీ రాయొచ్చు. ముప్పై ఒక్క ఏళ్లు బడిపిల్లల చేత ఉత్తరాలు రాయించినదాన్ని, అవసరం వచ్చినప్పుడు ఒకటి నేను రాయకపోతే ఎలా.

మీ దగ్గరికి రోజూ ఎందరో వస్తారు కాబట్టి గుర్తు చేస్తున్నాను. ప్రతి మంగళవారం, శుక్రవారం పదకొండు గంటలకు వచ్చే సీతారామయ్య గారి భార్యను నేను. మార్చి నెలలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది. మాట రాలేదు. అన్నీ అర్థమవుతాయి, నోటి దాకా రావు. జూన్ నుంచి మీ విద్యార్థిని షారోన్ ఆయనకు మాటలు నేర్పుతోంది.

పోయిన మంగళవారం మేము వచ్చేసరికి షారోన్ కుర్చీలో అవినాష్ అనే జూనియర్ అబ్బాయి కూర్చుని ఉన్నాడు. షారోన్ ఏదని అడిగితే, అక్క పోస్టింగ్ ఆపిన్రు ఆంటీ, పండగైనంక వచ్చే గురువారం మీటింగుంది, నాకు గంతే తెలుసు అన్నాడు. ముందు కౌంటర్లో కూర్చునే మమత దగ్గరికి వెళ్లి మిగతాది రాబట్టాను. ఆ అమ్మాయిని ఏమీ అనకండి. నేను హెడ్‌మిస్ట్రెస్ గొంతు పెట్టి అడిగితే చెప్పకుండా ఉండగలిగినవాళ్లు తక్కువ. బొమ్మ చూసి పేరు చెప్పాలని మావారికి పెట్టిన యాభై బొమ్మల పరీక్షలో షారోన్ దొంగ మార్కులు వేసిందని, లేదంటే పరీక్ష బొమ్మలనే ముందుగా బట్టీ పట్టించిందని అనుమానమట. అది నిజమని తేలితే జూన్ నుంచి ఆమె మావారితో పనిచేసిన గంటలన్నీ లాగ్‌బుక్‌లోంచి కొట్టేస్తారట. ఆఖరి సంవత్సరం పిల్ల, డిగ్రీకి కావలసిన ఈ క్లినిక్ పోస్టింగంతా మళ్లీ మొదలుపెట్టాలట.

షారోన్ తప్పు వెంట్రుకవాసంత కూడా లేదు. తప్పు నాది. ఆ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే మీరు పనిలో ఉండి మిగతాది చదవకపోయినా ఇది చదివితే చాలు. ఎలా జరిగిందో చెప్పాలంటే మాత్రం మొదటి నుంచి రావాలి. కుదించి రాయడం నాకు చేతకాదు.

జూన్‌లో మొదటి రోజు మీరు మా కేసు షారోన్‌కు ఇస్తున్నామనగానే నేనెంత గొడవ పెట్టానో మీరు మర్చిపోయి ఉండరు. ఇది కాలేజీ క్లినిక్ కాబట్టి ఇక్కడ పద్ధతే ఇది, ప్రతి క్లాసుకూ ముందు ఆమె రాసుకొచ్చిన పాఠం నేను దిద్దుతాను, లోపలివాళ్లకు మేం కనపడని అద్దం అవతల ఉండి చూస్తాను అని మీరు నెమ్మదిగా నచ్చజెప్పారు. నేను వినిపించుకోలేదు. మావారిని తీసుకొచ్చింది మాట కోసం, మీ పిల్లలు ఆయన మీద పని నేర్చుకోవడానికి కాదు అనేశాను.

ఆ పిల్ల అక్కడే నిలబడి అంతా వింటోంది. తెల్లకోటు ఆమెకు రెండు సైజులు పెద్దది. చేతిలో బొమ్మల కార్డుల పెట్టె ఉంది. నాకు జవాబు చెప్పకుండా మావారి వైపు తిరిగింది. నమస్తే అంకుల్, నా పేరు షారోన్, నేను ఇంకా స్టూడెంటునే, మీతోని పనిచెయ్యాలని ఉంది, మీకు ఇష్టమేనా అని అడిగింది. మార్చి నుంచి అప్పటిదాకా ఆయన్ను మీకు ఇష్టమేనా అని అడిగిన ప్రాణి లేదు. డాక్టర్లు నన్నడుగుతారు, నర్సులు మా అబ్బాయినడుగుతారు. నేనైతే ఎవర్నీ అడగను, చేసేస్తాను. ఆయన ఆ పిల్ల ముఖం కాసేపు చూసి తల ఊపారు. ఆ రోజుకు నేను నోరు మూసుకున్నాను.

రెండో క్లాసుకే మళ్లీ తెరిచాను. మీ పేరేంది అంకుల్ అని ఆమె అడిగితే సీతారామయ్య అని నేనన్నాను. ఏ ఊరు అంటే అమలాపురం దగ్గర అని నేనన్నాను. పొద్దున ఏం తిన్నరు అంటే పెసరట్టు అన్నాను, అల్లం పచ్చడి సంగతి కూడా చెప్పాను. మూడుసార్లు చూసింది. ఆంటీ, మీరు జర అద్దం అవతల కూసుంటరా, అక్కడికెల్లి అన్నీ కనబడతయ్, ఇనబడతయ్, ఏమనుకోకుండ్రి అంది. క్లాసులోంచి నన్ను బయటికి పంపిన మొదటి మనిషి ఆమె. ఉక్రోషంతో వెళ్లి కూర్చున్నాను.

ఆ చీకటి గదిలో కూర్చుని అద్దంలోంచి చూసింది నేను ఉన్నన్నాళ్లూ మర్చిపోను. ఆమె ఒక తాళంచెవి తీసి మావారి ముందు పట్టుకుంది. ఇది ఏంది అంకుల్ అంది. అంతే, ఇక మాట్లాడలేదు. మావారు నోరు తెరిచారు, మూశారు. నేను గోడ గడియారం చూస్తున్నాను. ఐదు సెకన్లు, పది సెకన్లు, పదిహేను. ఇవతల నేను తాళంచెవి, తాళంచెవి అని గొణుక్కుంటున్నాను, నా పక్కనున్న విద్యార్థులు నవ్వాపుకుంటున్నారు. లోపల ఆ పిల్ల కదల్లేదు. ఆయన ముఖం మీంచి చూపు తియ్యలేదు, విసుగు పడలేదు, జాలి పడలేదు, చిరునవ్వు తెచ్చిపెట్టుకోలేదు. ఇరవై ఆరో సెకనుకు ఆయన నోట్లోంచి తా అని వచ్చింది. అవును అంకుల్, తాళంచెవి, మీరే మొదలుపెట్టిన్రు అంది ఆమె.

ముప్పై ఒక్క ఏళ్లలో ప్రశ్న అడిగి ఒక పిల్లవాడికి నేనెంత వ్యవధి ఇచ్చి ఉంటాను? మూడు సెకన్లు ఇచ్చి ఉంటే గొప్ప. నాలుగో సెకనుకు పక్కవాణ్ని లేపేదాన్ని. జవాబు తెలిసి కూడా నోటికి రాక నిలబడిపోయిన పిల్లలు నా క్లాసుల్లో ఎందరున్నారో అని ఆ రోజు మొదటిసారి తట్టింది. ఇరవై రెండేళ్ల పిల్ల నాకు పాఠం చెప్పలేదు, నా వైపు కూడా చూడలేదు. చూడకుండానే నన్ను బెంచీ ఎక్కించింది.

ఇంకోటి గమనించాను. మావారు మాట కోసం వెతుక్కుంటున్నంతసేపూ ఆమె తన కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చుంటుంది. ఎందుకమ్మా అలా అని తర్వాత అడిగాను. లేకుంటే చెయ్యి లేస్తది ఆంటీ, తాళం తీసినట్టు సైగ చేసేస్త, అంకుల్‌కు రావాల్సిన మాట నేను లాక్కున్నట్టయితది అంది. సాయం చెయ్యకుండా ఉండటానికి ఇంత కష్టపడే మనిషిని నేనెక్కడా చూడలేదు. మనమందరం ఎదుటివాడి నోట్లో మాట పూర్తి కాకుండానే అందిస్తాం, అది ప్రేమ అనుకుంటాం. మా ఉదయ్ భాస్కర్ అయితే మరీను. నాన్న పెదవి కదిపితే చాలు, ఫోన్లో టైప్ చేస్తుంటే ముందే మాటలు చూపిస్తుందే, అలా నాలుగు మాటలు చదివేసి ఇందులో ఏది నాన్నా అంటాడు.

షారోన్ మూసాపేట పిల్ల, వాళ్లమ్మ సుగుణ నర్సు. వాళ్ల మాట వేరు, మా గోదావరి జిల్లా మాట వేరు. మొదటి వారంలోనే నా చేతికొక నోటుపుస్తకం ఇచ్చి, మీ ఇంట్ల ఏ వస్తువును ఏమంటరో గదే రాయుండ్రి ఆంటీ, మా ఇంటి మాట అంకుల్‌కు నేర్పితే ఆయన ఎవరితోని మాట్లాడాలె అంది. కార్డు మీద సొరకాయ అని అచ్చువేసి ఉంటే వెనక పెన్సిల్‌తో ఆనపకాయ అని రాసుకుంది. నూట పద్దెనిమిది మాటలు రాసిచ్చాను. ఒక్కొక్కటీ తను కూడా పలికి చూసుకుని, ఇది మీరనేటట్టే వచ్చిందా ఆంటీ అని అడిగేది.

జులై మూడో వారంలో మావారికి విసుగెత్తింది. బంతి, పిల్లి, గొడుగు, అరటిపండు. అరవై ఏడేళ్ల మనిషి, సబ్ ట్రెజరీ ఆఫీసరుగా రిటైరైన మనిషి, పిల్లి బొమ్మ చూపించి పిల్లి అనమంటే ఎంతకని ఓర్చుకుంటారు. కార్డులన్నీ పక్కకు తోసేశారు. షారోన్ ముఖం చిన్నబోయింది. వెళ్లేటప్పుడు నన్నాపి, అంకుల్ ఆఫీసుల ఏం చేసేటోళ్లు అని అడిగింది. ఏం చేసేవారేమిటి, కాగితాలు వెనక్కి పంపేవారు, ఒక్క సంతకం తక్కువైతే కలెక్టరాఫీసు కాగితమైనా తిప్పికొట్టేవారు, ఆయన పేరు చెబితే జిల్లాలో గుమాస్తాలందరికీ తలనొప్పి అని చెప్పాను. ఆమె ఏదో రాసుకుంది.

ఆ శుక్రవారం కార్డుల పెట్టె లేకుండా వచ్చింది. వాళ్లమ్మ పనిచేసే దవాఖాన ఆఫీసులో అడిగి తెచ్చుకున్న పాత ఖాళీ ఫారాలు నాలుగు చేతిలో ఉన్నాయి. అన్నీ నీటుగా నింపింది. మావారి ముందు ఒకటి పెట్టి, ఎప్పుడూ అంకుల్ అనే పిల్ల ఆ రోజు మాత్రం సార్, ఇది జర పాస్ చెయ్యుండ్రి అంది. ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. వేలు పై వరుస నుంచి ఒక్కో గీతా దిగుతూ వచ్చింది. అడుగున ఆగింది. ఆయన తలెత్తారు. ఆ చూపు నాకు తెలుసు, నలభై రెండేళ్ల కాపురంలో ఎన్నిసార్లు చూశానో. సం అన్నారు. ఆమె చెయ్యి తొడ కింద పెట్టుకుంది. సంతకం అన్నారు. సంతకం ఏది అన్నారు.

ఆమె కాగితం తీసుకుని, సంతకం పెట్టి తిరిగి ఇచ్చింది. ఆయన మళ్లీ చూశారు. ఈసారి వేలుతో కాగితాన్ని గట్టిగా కొట్టి తేదీ అన్నారు. ఆ పిల్ల కావాలనే తేదీ వెయ్యలేదండీ. సంతకం అడిగిన మనిషి తేదీ కూడా అడుగుతాడని ముందు రోజే ఊహించి, ఆ ఖాళీ ఆయన కోసం అట్టే పెట్టింది.

అప్పుడు అద్దం ఇవతల మీరు నా పక్కనే ఉన్నారు. మీరు నా భుజం మీద చెయ్యి వేశాకే నేను ఏడుస్తున్నానని నాకు తెలిసింది. ఆయన నా మీదగానీ మరొకరి మీదగానీ కోప్పడి నాలుగు నెలలైంది. ఆ కోపానికి నేనెంత మొహం వాచిపోయి ఉన్నానో అప్పటిదాకా నాకే తెలియదు. బయటికొచ్చాక ఈ ఫారాల ఉపాయం మీ పుస్తకాల్లో ఉందా అని షారోన్‌ను అడిగాను. లేదాంటీ, ప్లాన్ల రాస్తే మేడమ్ చూసి చెయ్యి అన్నరు, రాత్రంతా భయమే, అంకుల్ అవమానం అనుకుంటరేమోనని అంది. నాకు ఆ పిల్లను చూస్తే ముద్దు కాదు, మెచ్చుకోలు కూడా కాదు. మా చిన్నప్పుడు పెద్ద పంతులుగారు క్లాసులోకి వస్తే లేచి నిలబడేవాళ్లమే, అలా లేవాలనిపిస్తుంది. మనవరాలి వయసున్న పిల్ల ముందు ఆ భావం రావడం నాకే వింతగా ఉంది.

ఇక నా తప్పు సంగతి. నెలకోసారి మీరు ఆ యాభై బొమ్మలతో పరీక్ష పెడతారు. ఆ బొమ్మలు క్లాసులో వాడకూడదు, వాటి పెట్టె వేరు, అది మీ నియమం. జూన్‌లో ఆయనకు పదకొండొచ్చాయి. జులైలో పద్నాలుగు. ఆగస్టులో పదహారు. యాభైకి పదహారు అంటే నా బడిలో ఫెయిలు. నా ఇంట్లో ఫెయిలు అనే మాట నేనెప్పుడూ విన్లేదు. ఆగస్టు పరీక్షయ్యాక షారోన్ మీ సంతకం కోసం బయటికి వెళ్లినప్పుడు పెట్టె బల్ల మీదే ఉంది. నేను గదిలోకి వెళ్లి యాభై బొమ్మలూ ఫోన్లో ఫోటో తీశాను.

ఎందుకు తీశానంటే, మా బళ్లలో ఇన్‌స్పెక్షనుకు ముందు మేం చేసే పని అదే కాబట్టి. పై అధికారి రావడానికి వారం ముందే, మొదటి బెంచీల పిల్లలకు ఏ పాఠం అడుగుతారో అదే పాఠం చిలక పలుకుల్లా నూరిపోసేవాళ్లం. వాళ్లు టకటకా చెబుతారు, అధికారి సంతోషంగా వెళ్తారు, పాఠం వచ్చిందో రాలేదో ఎవరికీ పట్టదు. అది తప్పని నాకు సర్వీసులో ఎప్పుడూ అనిపించలేదు. మా అపార్టుమెంటు కింద జిరాక్సు షాపులో ఆ బొమ్మలన్నీ అచ్చు తీయించాను. పొద్దున టిఫినయ్యాక ఒకసారి, నాలుగింటికి కాఫీ అయ్యాక ఒకసారి, స్కేలుతో బల్ల మీద కొడుతూ చెప్పించాను. కొట్టు, బొమ్మ, మాట. కొట్టు, బొమ్మ, మాట. నాలుగు వారాలు.

సెప్టెంబరు పరీక్షలో యాభైకి నలభై మూడు. షారోన్ ఒకసారి కూడింది, మళ్లీ కూడింది, కాగితం పట్టుకుని మీ గది వైపు పరుగెత్తింది. అంత సంతోషానికి నేనిచ్చింది దొంగ సరుకు. మీరు వచ్చి, ఎక్కడిదో వేరే పెట్టె తెచ్చి, అందులో యాభై బొమ్మలు అడిగారు. పద్దెనిమిది వచ్చాయి. మీ ముఖం మారింది. మీరు అనుమానించడంలో తప్పులేదు, మీ స్థానంలో నేనుంటే ఇంకా గట్టిగా నిలదీసేదాన్ని. నిలదీయాల్సిన మనిషి మాత్రం అద్దం ఇవతల కూర్చుని ఉంది. నోరున్నదాన్నని పేరు తెచ్చుకున్న నేను ఆ పూట నోరు మెదపలేదు. దాని సిగ్గు నన్ను ఇంకా వదల్లేదు.

బుధవారం షారోన్‌కు ఫోన్ చేసి ఒప్పేసుకున్నాను. నాకు తెలుసాంటీ అంది. ఎలా తెలుసంటే, టెస్టప్పుడు అంకుల్ కార్డు కార్డుకూ వేలుతోని బల్ల మీద కొట్టిన్రు, మన క్లాసుల ఎన్నడు అట్ల చెయ్యలే, ఎవరో కొట్టి చెప్పిచ్చిన్రని సమజైంది అంది. మరి మేడమ్‌తో ఎందుకు చెప్పలేదే పిచ్చిదానా అన్నాను. నేను కండ్లతోని చూడలే కదాంటీ, చూడనిది ఎట్ల చెప్పాలె, రేపు క్లినిక్కుకు రావద్దని మిమ్మల్ని అంటే అంకుల్ మాట ఆడ్నే ఆగిపోతది అంది. ఆమే మళ్లీ, ఫికర్ చెయ్యకుండ్రి, అంకుల్‌ను క్లాసు మాన్పించకుండ్రి, అవినాష్ మంచోడే గానీ జల్దీ అందిస్తడు, జర ఆగమని చెప్పుండ్రి అంది. తన గంటలు పోతున్న పిల్ల అడిగింది ఆ ఒక్కటే.

అమ్మా కిరణ్మయి గారూ, ఆ నలభై మూడు కొట్టేసి పద్దెనిమిది వేసుకోండి. షారోన్ తెచ్చిన మార్కులు పద్దెనిమిదే. కానీ గంటలు కొట్టెయ్యకండి. అవి దొంగ గంటలు కావు, ఒక్కొక్కటీ అద్దంలోంచి నేను చూశాను. మీ పరీక్షకు అందనివి కూడా ఉన్నాయి. పండగ రోజు కాఫీ ఒక గుక్క తాగి, పంచదార లేదు అన్నారు ఆయన. ఎవరూ బొమ్మ చూపించలేదు, ఎవరూ అడగలేదు. ఇంటిల్లిపాదీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయాం. మా మనవరాలు రసజ్ఞ పంచదార డబ్బా తెచ్చి తాతయ్య చేతిలో పెట్టింది.

గురువారం మీటింగుకు నేను వస్తాను. బొమ్మలు అచ్చువేయించిన కాగితాలు కూడా తెస్తాను. నన్ను ఏమన్నా పడతాను. మావారిని మాత్రం ఇందులోకి లాగకండి. ఆయనకు ఇందులో ఏ ప్రమేయమూ లేదు. నేను కూర్చోమంటే కూర్చున్నారు, చెప్పమంటే చెప్పారు, పాపం ఆయనకేం తెలుసు.

పెద్దదాన్ని, తప్పు ఒప్పుకుని అడుగుతున్నాను. షారోన్‌ను మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబెట్టండి.

ఇట్లు
మీ మంచి కోరే
వీరలక్ష్మి
(రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలు)

తా.క.: ఉత్తరం ముగించి, కవరులో పెట్టే ముందు మావారికి చదివి వినిపించాను. పాపం ఆయనకేం తెలుసు అన్న చోట ఆయన కాగితం మీద అరచెయ్యి పెట్టేశారు. అబద్ధం అన్నారు. నిజమే, ఒక్క అబద్ధం రాశాను. సర్వీసంతా ఒకరి దగ్గర టీ కూడా తాగని మనిషి, ఈ వయసులో పరీక్షలో కాపీ కొట్టాడని నలుగురూ అనుకోకూడదని రాశాను. అది ఆయన ఒప్పుకోలేదు. కింద ఉన్న మాటలు ఆయనవి. చెప్పింది చెప్పినట్టు రాశాను, ఒక్కటీ నేను అందించలేదు. అందించకుండా ఉండలేక రెండుసార్లు వంటింట్లోకి వెళ్లొచ్చాను. ఈ కాస్తకూ మధ్యాహ్నమంతా పట్టింది.

మేడమ్.

కార్డులు. నేను అడిగాను. లక్ష్మి కాదు. నేను. పెట్టె చూపించాను. ఫోటో అన్నాను. తియ్యి అన్నాను. లక్ష్మి వద్దంది. నేను, మళ్లీ, తియ్యి అన్నాను.

ఆగస్టు. పరీక్ష. పదహారు. మీరు వచ్చారు. పిల్లతో ఇంగ్లీషు. నో ప్రోగ్రెస్. ఇంకో నెల. తర్వాత కేసు మార్చు. నా ముందే అన్నారు. నాకు ఇంగ్లీషు వచ్చు.

పిల్ల ఏడవలేదు. ఎస్ మేడమ్ అంది. నా వైపు తిరిగింది. నవ్వింది. మళ్లీ కార్డు పట్టుకుంది.

నాకు భయం వేసింది. పిల్ల పోతుంది. నా పిల్ల పోతే, మాట పోతుంది. అందుకే కాపీ. నేనే. పిల్లకు తెలియదు.

గురువారం నేను వస్తాను. లక్ష్మి బయట కూర్చుంటుంది. నేను చెబుతాను. నాకు టైము పడుతుంది. మీరు ఆగాలి.